ఇష్టపడ్డ లినక్స్‌కి కాలం చెల్లింది, తర్వాత ఏది?

ఉబుంటు 20.04కి మామూలు అప్‌డేట్లు 2025 మే నెలతో ఆగిపోయాయి. సెంటాస్ 7 కథ అంతకు ముందు ఏడాదే, 2024 జూన్ 30న ముగిసింది. అనంతపురంలో నా చేతికి వచ్చే లినక్స్ మెషిన్లలో ఎక్కువ ఈ రెండిట్లో ఏదో ఒకటే: ఇళ్లలో, జెరాక్స్ షాపుల్లో ఉబుంటు, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో సెంటాస్. అందుకే ఈమధ్య ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "దీని తర్వాత ఏది పెట్టుకుంటే బాగుంటుంది?"

పేరు చెప్పడం చిటికెలో పని. కానీ ఆ పేరు మీకు పనికొస్తుందో లేదో తేలాలంటే ముందు ఇంకోటి తేలాలి. ఉన్నదాన్ని ఎందుకు వదులుతున్నారు?

కేవలం గడువు తీరిందని వదులుతుంటే అసలు మారనక్కర్లేదు. ఉబుంటు వాళ్లకి ఉబుంటు ప్రో అని ఒకటుంది. సొంత వాడకానికి అయిదు మెషిన్ల దాకా ఉచితం. దాన్ని కలిపితే 20.04కి భద్రతా అప్‌డేట్లు 2030 వరకు వస్తాయి. మన దగ్గర దీని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మెషిన్ బాగానే నడుస్తోంది, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు అనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. గడువు పొడిగించడం ఇష్టం లేకపోతే 24.04కి వెళ్లండి, అదే ఇల్లు, 2029 దాకా ఢోకా లేదు.

మీకు నచ్చినదే మారిపోయిందని వదులుతుంటే దారి వేరు. 2017లో ఉబుంటు తన యూనిటీ డెస్క్‌టాప్‌ని పక్కనపెట్టి గ్నోమ్‌కి మళ్లింది. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ని స్నాప్ (కావలసిన లైబ్రరీలన్నీ తనలోనే మోసుకొచ్చే ప్యాకేజీ) రూపంలోనే ఇస్తోంది. పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషిన్‌లో స్నాప్ ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకునేలోపు కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి రెండుసార్లు వాచీ చూసుకుంటాడు. ఇలాంటి చిరాకుతో బయటికొస్తున్నవాళ్లకి కావలసింది అదే కుటుంబంలో ఆ అలవాట్లు లేని ఇంకో డిస్ట్రో, అంటే ఇంకో రకం లినక్స్.

తయారుచేసేవాళ్లే చేతులెత్తేస్తే? మాండ్రివా కంపెనీ 2015లో మూతపడింది. అదే ఏడాది క్రంచ్‌బ్యాంగ్ ఆగింది. 2019లో యాంటర్గోస్ ఆగిపోయింది. 2025 జూలైలో ఇంటెల్ తన క్లియర్ లినక్స్‌కి స్వస్తి చెప్పింది. వీటిలో కొన్నిటికి వారసులున్నాయి: మాండ్రివాకి మజీయా, క్రంచ్‌బ్యాంగ్‌కి బన్సెన్‌ల్యాబ్స్, యాంటర్గోస్‌కి ఎండెవర్‌ఓఎస్. వారసుల మీద నాకు కోపం లేదు, కానీ ఒకసారి దెబ్బతిన్నవాళ్లు రెండోసారి ఎంచుకునేటప్పుడు వాల్‌పేపర్ అందం కంటే దాని వెనక ఎంతమంది ఉన్నారో చూడాలి. ఒక్కరిద్దరు ఖాళీ సమయంలో నడిపే డిస్ట్రోని షాపు మెషిన్ మీద నేనైతే పెట్టను.

ముందు ప్రింటర్ సంగతి

ఏ పోలికలోనూ దీనికి చోటు దొరకదు గానీ మా దగ్గర నూటికి తొంభై గొడవలు దీనివల్లే. కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, తళతళలాడే డెస్క్‌టాప్ చూపించి వచ్చాక సాయంత్రానికి ఫోన్ వస్తుంది: "సార్, అన్నీ బాగుండాయి గానీ ప్రింటు ఇస్తే మిషను ఊరికే కూచోనుంది." హాల్ టికెట్ల రోజున ఇలా అయితే షాపు మూసుకోవాల్సిందే.

క్యానన్ ఎల్‌బీపీ 2900 చాలా షాపుల్లో ఏళ్ల తరబడి అరుగుతూనే ఉంటుంది. అది కాప్ట్ అనే క్యానన్ సొంత పద్ధతిలో పనిచేస్తుంది. క్యానన్ లినక్స్‌కి ఇచ్చిన పాత డ్రైవర్‌ని 64-బిట్ సిస్టంలో ఎక్కించాలంటే 32-బిట్ లైబ్రరీలు కూడా పెట్టాలి. డిస్ట్రో కొత్తదయ్యేకొద్దీ ఆ లైబ్రరీల పేర్లు మారుతుంటాయి, అక్కడ చిక్కు. వేరేవాళ్లు రాసిన ఓపెన్‌సోర్స్ కాప్ట్ డ్రైవర్ కూడా ఉంది. అది మీ మెషిన్‌తో కుదురుతుందో లేదో ఒక పేజీ తీసి చూస్తేగానీ చెప్పలేం. హెచ్‌పీ ప్రింటర్లకి హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్ దాదాపు అన్ని డిస్ట్రోల్లో దొరుకుతుంది, కానీ లేజర్‌జెట్ 1020 లాంటివాటికి దానిపైన ఒక ప్లగిన్ కూడా దించుకోవాలి. లేకపోతే ప్రింటర్ కనిపిస్తుంది, కాగితం మాత్రం రాదు. ఈమధ్య వచ్చిన వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అడక్కుండానే పలుకుతాయి.

కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఐఎస్‌ఓ (డిస్ట్రో మొత్తం ఉండే ఫైలు) వేసుకుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో బూట్ చేయండి. ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి. వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఐఎస్‌ఓలు పెట్టి బూట్ చేయనిచ్చే సాధనం) పెట్టిన 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో అయిదారు డిస్ట్రోలు పడతాయి, ఒక్కోటి మార్చి మార్చి చూడొచ్చు. ప్రింటర్ అయ్యాక వైఫై, తర్వాత స్పీకరు, తర్వాత ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే లేస్తుందా లేదా. వైఫై రాకపోయినా కంగారు పడొద్దు. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని మామూలు నెట్‌వర్క్‌లాగే తీసుకుంటుంది, కావలసిన డ్రైవర్ దాంతోనే దించుకోవచ్చు.

తెలుగు

యూనికోడ్ తెలుగు విషయంలో డిస్ట్రోల మధ్య తేడా వెతకడం దండగ. అక్షరాలని పేర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీనే ఉబుంటులోనూ ఫెడోరాలోనూ డెబియన్‌లోనూ లిబ్రెఆఫీస్ వాడుతుంది. రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మి అని మూడు మాటలు కొట్టి చూడండి. వత్తులు విడిపోతే తప్పు ఫాంటుది అయ్యుంటుంది. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో లోహిత్, పోతన, వేమన ఫాంట్లు సిద్ధంగా ఉన్నాయి. రామభద్ర, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకుంటే సరి.

కీబోర్డు దగ్గర మాత్రం కాస్త చూసుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ అన్నిటిలోనూ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతికి, యాపిల్ లేఅవుట్‌కి అలవాటుపడ్డవాళ్లు కీబోర్డు భాష మార్చే ఐబస్‌తో పాటు, ఈ లేఅవుట్లు ఉండే ఎం17ఎన్ ప్యాకేజీ కూడా వేసుకోవాలి. మీ చేతివేళ్లు ఏళ్ల తరబడి నేర్చిన లేఅవుట్ ఆ జాబితాలో ఉందో లేదో లైవ్‌లోనే తేల్చుకోండి.

అసలు గండం అను ఫాంట్లది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపుల్లో పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో అను స్క్రిప్ట్‌తో ఉంటాయి. అవి యూనికోడ్ కావు, విండోస్ కోసం చేసినవి. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపే వైన్ మీద ఆశ పెట్టుకోవద్దంటాను. ఆ పనికి ఒక విండోస్ మెషిన్ విడిగా ఉంచుకుని, మిగతా వాటికి లినక్స్ పెట్టుకోవడమే తెలివి. టాలీప్రైమ్‌తో రోజూ లెక్కలు రాసేవాళ్లకీ ఇదే మాట. ఆధార్ వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ వాడే షాపులైతే వాటిని అమ్మినవాళ్లనే అడగండి: లినక్స్‌కి సాఫ్ట్‌వేర్ ఇస్తారా, ఏ డిస్ట్రోకి, ఏ వెర్షన్‌కి? జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ మెషిన్ జోలికి వెళ్లొద్దు.

మెషిన్ వయసు

"మాది 32-బిట్ సార్" అని చెప్పే మెషిన్లలో చాలావాటికి నిజానికి 64-బిట్ ప్రాసెసరే ఉంటుంది. ఎప్పుడో కొన్నప్పుడు 32-బిట్ విండోస్ ఎక్కించారంతే. కోర్ 2 డ్యుయో 64-బిట్టే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ లేదు. ఉబుంటు ఎప్పుడో మానేసింది. నిజంగానే 32-బిట్ అయితే యాంటిఎక్స్ లాంటిది ఇంకా నడుస్తుంది, కానీ ఆ మెషిన్ మీద ఈనాటి వెబ్‌సైట్లు తెరవడం ఒక శిక్ష. దానికి పెట్టే శ్రమని వేరేదానికి పెట్టండి.

64-బిట్‌లోనూ మెట్లున్నాయి. రెడ్‌హ్యాట్ కుటుంబం (రెడ్‌హ్యాట్ కంపెనీ లినక్స్, దాని ఆధారంగా వచ్చే సెంటాస్, రాకీ, అల్మా లాంటివి) 9వ వెర్షన్ నుంచి ఎక్స్86-64-వీ2 అనే స్థాయి కావాలంటోంది. కోర్ 2 డ్యుయోకి అది లేదు, 2008 చివర్లో మొదలైన మొదటి తరం కోర్ ఐ ప్రాసెసర్లకి ఉంది. 10వ వెర్షన్ వీ3 కావాలంటోంది. అది 2013లో వచ్చిన హాస్వెల్‌తో మొదలు. అందులోనూ హాస్వెల్ కాలపు పెంటియం, సెలెరాన్ చిప్‌లు లెక్కలోకి రావు. బడ్జెట్ చూసి పెంటియం కొన్న ల్యాబులు ఇక్కడ దొరికిపోతాయి.

పాత మెషిన్‌కి డబ్బు పెట్టేటట్టయితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయండి. డిస్ట్రో మార్చితే వచ్చే వేగం కంటే దాంతో వచ్చేదే ఎక్కువ.

ఇళ్లకి, షాపులకి: మింట్ లేదా డెబియన్

నా ఓటు మామూలుగా లినక్స్ మింట్‌కి పడుతుంది. 22వ వరుస ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 2020లో వచ్చిన మింట్ 20 నుంచే స్నాప్‌ని తలుపు బయట నిలబెట్టారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఉబుంటులో నేర్చుకున్న ఆప్ట్, పీపీఏ, డెబ్ ఫైళ్లు అన్నీ అలాగే చెల్లుతాయి. ఎడమ కింద మెనూ, కుడి కింద గడియారం. నెట్ సెంటర్‌కి వచ్చి సర్టిఫికెట్ స్కాన్ చేయించుకునే డిగ్రీ పిల్లలు ఇది విండోస్ కాదని గమనించకుండానే పని ముగించుకుని వెళ్లిపోతారు. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్, 4 జీబీ ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. టైమ్‌షిఫ్ట్ దాంట్లోనే ఉంటుంది. మొదటిరోజే దాన్ని ఆన్ చేస్తే ఏదైనా అప్‌డేట్ వికటించినప్పుడు నిన్నటి స్థితికి తిప్పేయొచ్చు.

డెబియన్ మాట వేరు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ప్రాజెక్టు, ఏ కంపెనీ సొత్తూ కాదు. ఉబుంటు పుట్టింది దీనిలోంచే. సుమారు రెండేళ్లకో వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి మూడేళ్లు పూర్తి మద్దతు, ఆ తర్వాత రెండేళ్లు భద్రతా మద్దతు. మధ్యలో వచ్చేవి దాదాపుగా లోపాలు సరిదిద్దే అప్‌డేట్లే. రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో దీని విలువ తెలుస్తుంది. గుంతకల్లు పక్కన పల్లెల్లో కేబుల్ నెట్ లేని చోట నేను కళ్లు మూసుకుని డెబియన్ చెప్తాను. వైఫై ఫర్మ్‌వేర్ విడిగా వెతుక్కోవాల్సిన పాత తలనొప్పి కూడా 12వ వెర్షన్ నుంచి తగ్గింది, ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు.

ఉబుంటు నుంచి వచ్చేవాళ్లు డెబియన్‌లో తడబడే చోటు ఒకటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ ఏదో ఒకటి కొట్టారంటే, తర్వాత మీ యూజర్‌కి సుడో (అడ్మిన్ అధికారంతో ఆదేశాలు ఇచ్చే పద్ధతి) పనిచేయదు. ఆ గడి ఖాళీగా వదిలి ముందుకెళ్తే ఉబుంటులోలాగే సుడో వస్తుంది. తెర మీద ఇది రాసే ఉంటుంది, ఎవరూ చదవరు.

రెండిట్లో ఎటూ తేల్చుకోలేనివాళ్లకి ఎల్‌ఎండీఈ ఉంది: మింట్ వాళ్లే డెబియన్ మీద కట్టిన ఎడిషన్. 7వ వెర్షన్ 2025 అక్టోబరులో డెబియన్ 13 ఆధారంగా వచ్చింది. ఉబుంటు రేపు ఇంకేం మారుస్తుందో అన్న బెంగ లేకుండా సినమన్ కావాలంటే ఇదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ గురించి కూడా అడుగుతుంటారు. అదీ డెబియన్ మీద కట్టిందే, భారతీయ భాషల కోసం శ్రద్ధ పెట్టిందే. కానీ ఏదైనా చిక్కొస్తే వెతికినప్పుడు దొరికే జవాబులు డెబియన్‌కి ఉన్నన్ని దానికి లేవు. నేనైతే నేరుగా డెబియనే పెడతాను.

కాలేజీ ల్యాబులకి

సెంటాస్ 8కి 2029 దాకా మద్దతు ఉంటుందని నమ్మి ఎక్కించుకున్నవాళ్లకి 2020 డిసెంబరు 8న రెడ్‌హ్యాట్ ఒక ప్రకటనతో షాకిచ్చింది: 2021 ఆఖరుకే ముగింపు. దానికి జవాబుగా రెండు పుట్టాయి. సెంటాస్ తొలినాళ్ల సహ వ్యవస్థాపకుడు గ్రెగరీ కర్ట్‌జర్ రాకీ లినక్స్ మొదలుపెట్టాడు. క్లౌడ్‌లినక్స్ కంపెనీ అల్మాలినక్స్‌కి పునాది వేసింది, తొలి విడుదల 2021 మార్చి. రెండూ ఉచితం, రెండిట్లోనూ సెంటాస్‌లో నేర్చిన ఆదేశాలే. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ సోర్స్ కోడ్ ఇచ్చే పద్ధతి మార్చాక రాకీ అచ్చుగుద్దినట్టు రెడ్‌హ్యాట్ లినక్స్‌లాగే ఉండాలన్న పట్టు వదల్లేదు. అల్మా మాత్రం అందులో నడిచే ప్రోగ్రాం ఇందులోనూ నడిస్తే చాలు అంది.

ల్యాబులో కూర్చున్న పిల్లవాడికి ఈ తేడా ఏమీ కనపడదు. మెషిన్ వయసు మాత్రం కనపడుతుంది. కోర్ 2 డ్యుయోలున్న ల్యాబులో 9, 10 వెర్షన్లు బూటే కావు. 8వ వెర్షన్ నడుస్తుంది, 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి, అప్పటికి ఆ మెషిన్లు స్క్రాపుకి పోతాయి. మొదటి తరాల ఐ3, ఐ5లైతే అల్మాకే నా ఓటు, ఎందుకంటే 10వ వెర్షన్‌ని అల్మా వాళ్లు వీ2 ప్రాసెసర్లకి కూడా విడిగా తయారుచేస్తున్నారు. రాకీ 10కి వీ3 ఉండాల్సిందే. ఉన్న సెంటాస్ 7 నుంచే నేరుగా మార్చే ఎలివేట్ అనే సాధనం అల్మా దగ్గర ఉంది. డేటా ఉన్న సర్వర్‌కి ఆలోచించొచ్చు. ల్యాబు మెషిన్లకి మాత్రం ఒకటి శుభ్రంగా కొత్తగా ఎక్కించి, దాని ఇమేజ్ మిగతా వాటికి దింపడమే సుఖం.

ఇంతకీ ల్యాబులో చేసేది సీ, పైథాన్, జావా, మైఎస్‌క్యూఎల్ అయితే రెడ్‌హ్యాట్ కుటుంబమే కావాలన్న పట్టు ఎందుకో నాకు అర్థం కాదు. జేఎన్‌టీయూ రికార్డులో రాసే ప్రోగ్రాములకి జీసీసీ కంపైలర్ ఎక్కడున్నా జీసీసీనే. సెంటాస్ మీద కొన్నేళ్లుగా పాఠం చెప్పిన సార్‌కి ఆ మెనూ అలవాటు, అంతే. అది చిన్న కారణం కాదు. రోజూ ఆయనే కదా పదిమందికి సర్దిచెప్పాల్సింది.

మిగతావి, తొందరగా

ఫెడోరా ఆరునెలలకో వెర్షన్, ఒక్కోదానికి సుమారు పదమూడు నెలల మద్దతు. కొత్త ల్యాప్‌టాప్ కొన్న బీటెక్ విద్యార్థికి, ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్లకి మంచి ఎంపిక. కొత్త హార్డ్‌వేర్‌ని తొందరగా గుర్తుపడుతుంది. షాపుకి వద్దు.

ఆర్చ్, దాని బంధువులు: నేర్చుకోవడానికి బాగుంటాయి. నెలరోజులు అప్‌డేట్ చేయకుండా వదిలితే ఒకేసారి వచ్చిపడే మూటకి మీ రోజు డేటా చాలదు.

ఫ్రీబీఎస్‌డీ అసలు లినక్సే కాదు, యూనిక్స్ వంశం. ఇదీ 1993దే. కెర్నల్, దానితో వచ్చే ప్రాథమిక సాధనాలు అన్నీ ఒకే ప్రాజెక్టు చేతుల్లో ఉంటాయి, హ్యాండ్‌బుక్ చదివితే పని జరుగుతుంది. వాట్సాప్ మొదటి సంవత్సరాల్లో దీని సర్వర్ల మీదే నడిచింది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లలోనూ ఉన్నది ఇదే. డిపార్ట్‌మెంట్‌లో అందరి ప్రాజెక్టులు దాచే ఫైల్ సర్వర్ కావాలంటే, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం కోసమైనా దీన్ని చూడండి. ల్యాప్‌టాప్‌లో వైఫై కోసం కుస్తీ పట్టే ఓపిక ఉంటేనే డెస్క్‌టాప్‌కి.

క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ 2022లో గూగుల్ పూర్తిస్థాయిలో విడుదల చేసింది. బ్రౌజర్ తప్ప ఇంకేం వాడని ఇంటికి సరిపోతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు వస్తాయని కొందరు అనుకుంటారు, రావు.

విండోస్ 11కి వెళ్లడం నామోషీ కాదు. పైన చెప్పిన అను, టాలీ, వేలిముద్ర యంత్రాల మీద బతికే షాపుకి అదే దారి. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14న అయిపోయింది. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. లేని మెషిన్‌లో దొడ్డిదారిన ఎక్కించి ఇస్తామనేవాళ్లు ఊరికొకరు ఉంటారు. రేపు అప్‌డేట్ ఆగితే అడగడానికి వాళ్లు దొరకరు.

మార్చే రోజు

హోం ఫోల్డర్ మొత్తం బయటి డిస్క్‌కి కాపీ చేసుకోండి, చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లతో సహా. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్‌లు, థండర్‌బర్డ్ మెయిళ్లు ఉండేది అక్కడే. ఇక్కడ సెంటాస్ 7 వాళ్లకి ఒక చిక్కు: దాని 3.10 కెర్నల్‌కి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ తెలియదు, అందులో ఉన్న కొత్త పెన్‌డ్రైవ్ పెడితే చదవదు. డిస్క్‌ని ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసి కాపీ చేయండి, కొత్త లినక్స్ ఏదైనా చదువుతుంది. ఉబుంటు నుంచి విండోస్‌కి వెళ్తున్నవాళ్లు మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ వాడాలి. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఉంటే ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతుంది, మా ఊళ్లో వేసవి మధ్యాహ్నాలు మరీను. పొద్దున్నే మొదలుపెట్టండి.

వీలైతే పాత డిస్క్‌ని చెరపకుండా తీసి పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద కొత్త సిస్టం ఎక్కించండి. కుదరకపోతే పది నిమిషాల్లో పాతది మళ్లీ తగిలించుకోవచ్చు. నెట్ సెంటర్లు ఈఏపీసెట్ అప్లికేషన్లు మొదలుకాక ముందే ఈ పని ముగించుకోవాలి. డీటీపీ షాపులు శ్రావణం, మాఘం ముహూర్తాలకి కనీసం నెల ముందు. కాలేజీ ల్యాబులు సెమిస్టర్ ప్రాక్టికల్స్ అయిపోయిన మర్నాడు.